కుప్పం నుంచి వచ్చే నీలం ఇంకు

కంపెనీవాళ్లు ఇంకు మార్చేశారని మదనపల్లెలో పుస్తకాల అంగడాయనతో పోట్లాడాను. గాజు సీసా పోయి ప్లాస్టిక్ సీసా వచ్చింది. మూత రంగు మారింది. అట్టపెట్టె మీద ఏవేవో మెరుపులు, చుక్కలు. పేరు మాత్రం పాతదే. సీసాను చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది అదేనా?" అని అడిగాను.

"అదేనమ్మా. పెట్టె మారింది, సీసా మారింది. లోపల సరుకు అదే."

"అదేనని నీకెట్లా తెలుసు? తాగి చూసినావా?"

పక్కన జామెట్రీ బాక్సు కొంటున్న పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వాడు. "కంపెనీ మనిషి సెప్పినాడమ్మా. ఫార్ములా మార్చలేదంట. ప్యాకింగ్ ఒక్కటే," అన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి ఆయన పిల్లల బేరం వైపు తిరిగాడు. నేను ఆ సీసా కొనుక్కుని ఇంటికొచ్చాను. పెన్ను కడిగి, నింపి, ఒక కాగితం మీద నా పేరు రాసుకుని చూశాను. నీళ్లు కలిపిన నీలం. ఆరాక ఇంకా పల్చబడింది.

హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. మా ఇల్లు టమేటా మార్కెట్‌యార్డు వెనక సందులో ఉంటుంది. సీజన్‌లో తెల్లవారకముందే లారీల హారన్లు, క్రేట్లు దించే చప్పుడు, మెత్తబడిన టమేటాల పులిసిన వాసన. మా ఆయన బస్సు డ్రైవరు. సర్వీసులో ఎక్కువ కాలం మదనపల్లె నుంచి కుప్పానికి పోయే బండి నడిపాడు. మాకు పిల్లలు లేరు. ఈ మాట ముందే చెప్పేస్తే మళ్లీ మధ్యలో అడగరు కదా అని చెబుతున్నాను.

నాకు ఇంకు పెన్ను అలవాటు ట్రైనింగ్ కాలం నుంచి ఉంది. బాల్‌పెన్నుతో రాస్తే నా అక్షరం నాదిలా ఉండదు. నా దస్తూరీ బాగుంటుందని పేరు పడిపోయి, మా వీధిలోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ ఎవరింట్లో పెళ్లి కుదిరినా శుభలేఖలు కట్టలు కట్టలుగా మా ఇంటికి వచ్చేవి. పైన పేర్లు రాసిపెట్టాలి. అంచులకు పసుపు పూసి తెచ్చేవాళ్లు. రాసేసరికి నా వేళ్లకు ఒకపక్క పసుపు, ఒకపక్క నీలం. వరండాలో చాప వేసుకుని, ఒళ్లో పలక పెట్టుకుని, ఒక్కో పేరూ నిదానంగా రాసేదాన్ని. పెళ్లివాళ్లు పక్కన కూర్చుని చుట్టాల పేర్లు చెబుతూ, వాళ్ల మీద ఫిర్యాదులు కూడా చెప్పేవాళ్లు. ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో, ఎవరిని మొహమాటానికి పిలుస్తున్నారో నాకు తెలియని సంగతి లేదు. కాఫీలు, నవ్వులు, మా ఇల్లే పెళ్లిల్లులాగా ఉండేది.

ఇంకు తెచ్చే పని మా ఆయనది. కుప్పంలో బస్సు ఆగే వేళలో అక్కడి అంగడిలో కొనేవాడు. పెన్ను నింపే పని కూడా ఆయనదే. పొద్దున్నే కాఫీ తాగి, బండికి డీజిలు కొట్టించినంత శ్రద్ధగా నింపి, పాళీ గుడ్డతో తుడిచి నా బల్ల మీద పెట్టేవాడు. నింపే పనిలో నా వేలికి ఇంకు మరక అంటకుండా చూసేవాడు. నేను ఆ సీసా మూత తీసింది కూడా తక్కువ. కిటికీ పక్కన గాజు సీసా ఎప్పుడూ ఉండేది, ఎప్పుడూ నిండుగా ఉండేది, ఎప్పుడూ అదే చిక్కటి నీలం. వర్షాకాలం సాయంత్రం కొండల మీద ఉండే నీలం.

ఇంకు విషయంలో నాకొక పట్టింపు ఉంది. ఒక ఇంకులో ఇంకొకటి కలపకూడదు. బడిలో పిల్లలు ఎరుపులో నీలం, నీలంలో నలుపు పోసి తమాషా చేస్తే పెన్నులు లాక్కుని కుళాయి కింద కడిగించేదాన్ని. "పెన్ను పాడైపోతుంది, అక్షరం పాడైపోతుంది," అని అరిచేదాన్ని. ఇంట్లోనూ అదే మాట. నేను ఇన్నేళ్లుగా ఒకే కంపెనీ, ఒకే నీలం తప్ప ఇంకొక చుక్క వాడలేదని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. మా ఆయన పక్కనే కూర్చుని కిమ్మనకుండా వినేవాడు.

ఆయన పోయి ఏడాది దాటింది. ఒక వేకువన ఊపిరి ఆడటం లేదన్నాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఇక అంతే. దాని గురించి ఇంకేం రాయను.

ఆ తరువాత ఇంట్లో ఒక్కటీ పాతలాగా లేదు. ఒకరికి ఎన్ని బియ్యం పొయ్యాలో చేతికి తెలియదు. ఎప్పుడూ మిగిలేది. మిగిలిన అన్నం రాత్రి నీళ్లు పోసుకుని తినేదాన్ని. టీవీ పెట్టుకుంటే చిరాకు, పెట్టుకోకపోతే భయం. సాయంత్రం డిపోకు పోయే బస్సు మా సందు మొదట్లో హారను కొడితే లేచి గేటు దాకా పోయి వచ్చేదాన్ని. ఎవరితోనన్నా పోట్లాడితే కాస్త ప్రాణం కుదుటపడేది. అంత ఒంటరిగా ఉండేది నాకు. సిగ్గుపడి దాచుకోవలసిన సంగతేం కాదు కదా, అందుకే రాస్తున్నాను.

శుభలేఖలు రావడం ఆగిపోయింది. మొదట్లో, మైల అనుకున్నాను. సంవత్సరీకం అయ్యాక వస్తారనుకున్నాను. రాలేదు. ఎదురింటివాళ్ల అమ్మాయి పెళ్లికి శుభలేఖ ఇచ్చారు, నా పేరు బాల్‌పెన్నుతో వంకర టింకరగా రాసి. ఆ అమ్మాయి చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని అక్షరాలు దిద్దుకుంది. వాళ్లమ్మ కార్డు నా చేతికిచ్చి, కుంకుమ భరిణ మాత్రం కొంగు చాటున పెట్టుకుని, "తప్పకుండా రావాల టీచరమ్మా," అని గబగబా పోయింది. మొగుడు లేనిదాని చేత శుభలేఖ రాయిస్తారా ఎవరైనా. అది ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. చెప్పి ఉంటే పోట్లాడి ఉండేదాన్ని.

అప్పుడే కిటికీ పక్కన సీసా కూడా ఖాళీ అయింది. ఆయన తెచ్చిపెట్టిన చివరి సీసా అది. పొదుపుగా వాడినా అయిపోయింది. అంగడిలో కొన్న కొత్తది పల్చగా ఉంది. ఇంక నా కోపమంతా దాని మీదికి మళ్లింది. ఇంకు పల్చబడింది కాబట్టే నా రాత వెలవెలబోయింది, అందుకే ఎవరూ రావటం లేదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధమని నాకు తెలుసు. కానీ ఊరందరినీ తిట్టడం కంటే ఒక కంపెనీని తిట్టడం సులువు. కంపెనీ ఎక్కడో దూరంగా ఉంటుంది, తిరిగి మాట్లాడదు. పైగా ఇంట్లో ఒక్కటైనా, ఒక్కటంటే ఒక్కటైనా, ఆయన ఉన్నప్పటిలాగే ఉండాలని నాకు గట్టి పట్టు పుట్టింది. ఆ పాత నీలం దొరికితే చాలు, మిగతావన్నీ ఎట్లా పోతే అట్లా పోనీ అనిపించింది.

కొత్త ఇంకుతో రాసిన కాగితం ఎదురింటావిడకు చూపించాను. "పల్చగా లేదూ?" అని అడిగాను.

"బాగుండాది కద టీచరమ్మా. నీలంగానే ఉండాది," అంది ఆవిడ, కాగితం మూరెడు దూరంలో పట్టుకుని.

కావాలని అబద్ధమాడుతోందనుకున్నాను. కూరగాయలు తెచ్చే అతనికి చూపించాను. అతనూ బాగుందన్నాడు. అందరూ ఒక్కమాట మీద ఉన్నారనుకున్నాను.

పుంగనూరులో బస్టాండుకు కాస్త దూరంలో ఒక పాత స్టేషనరీ అంగడి ఉంది. అక్కడ అటక మీద ఎప్పటి సరుకో పడి ఉంటుందని, మా బడిలో అటెండరుగా చేసినావిడ ఫోనులో చెప్పింది. ఒకరోజు పొద్దున్నే బస్సెక్కాను. చేతిసంచిలో ఖాళీ గాజు సీసా, కొత్త ప్లాస్టిక్ సీసా, పెన్ను, నాలుగు తెల్లకాగితాలు. పాత సీసా చూపిస్తే సరిగ్గా అలాంటిదే ఇస్తారని.

అంగడాయన నాకంటే పెద్దవాడు. నిచ్చెన వేసుకుని తానే ఎక్కి, దుమ్ము కొట్టుకుపోయిన పెట్టె ఒకటి దించాడు. లోపల గాజు సీసా, సీలు తీయనిది. నాకు ఎంత సంతోషమైందో. అక్కడే స్టూలు మీద కూర్చుని సీలు తీయించి, పెన్ను ఒంపి కడిగి, అది నింపి రాశాను. కింద కొత్త ఇంకుతో అగ్గిపుల్ల ముంచి ఒక గీత గీశాను.

రెండూ ఒకటే. అదే పల్చన.

"ఇది పాతబడి చెడిపోయినట్టుంది," అన్నాను.

"సెడిపోతే గడ్డ కడతాదమ్మా, లేకుంటే కంపు కొడతాది. ఇది బాగుండాది." ఆయన కాగితం వెలుతురులో పెట్టి చూశాడు. "రెండూ ఒకే రంగు. కంపెనీ ఏం మార్చలేదు."

"పోయినేడాది దాకా మా ఇంట్లో ఇదే గాజు సీసాలో చిక్కటిది వచ్చేది."

ఆయన నా వైపు వింతగా చూశాడు. "పోయినేడాదా? ఈ గాజు సీసా నిలిచిపోయి శానా ఏండ్లయిందమ్మా. ఇది ఒక్కటి యెట్లనో మిగిలిపోయింది. మీకు యాడ దొరుకుతాండెనో నాకు తెలవదు."

నేను అబద్ధమాడుతున్నానని ఆయన అనుకున్నాడు. ఆయన మతిమరుపు మనిషని నేననుకున్నాను. ఆ సీసా కూడా కొనుక్కుని బయటికొచ్చాను. ఎండ చుర్రుమంటోంది. ఇంటికి పోవడానికి మదనపల్లె బస్సు నిలబడి ఉంది. ఎక్కలేదు. ఇంట్లో ఎవరున్నారని. కుప్పం పోయే బస్సు వచ్చేదాకా నిలబడి అదెక్కాను.

ఆ దారిలో నేను ఎన్నడూ కుప్పం దాకా పోలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నడిపే బండిలో పలమనేరు దాటి ప్రయాణం చేసిందే లేదు. బడి, ఇల్లు, శుభలేఖలు. రిటైరయ్యాక కూడా ఆయన అప్పుడప్పుడూ కుప్పం పోయి వచ్చేవాడు. "స్టీరింగు మీద మోజు తీరలేదు, పక్క సీట్లో కూర్చోనైనా చూసి వస్తాడు," అని నేను వచ్చినవాళ్ల ముందు ఎగతాళి చేసేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

రామకుప్పం దగ్గర రాగుల మూట వేసుకుని ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఏనుగులు మళ్లీ వచ్చి చేను తొక్కిపోయాయని, రాత్రంతా టపాసులు కాల్చినామని ముందు సీటామెకు చెబుతోంది. నా ఒళ్లో కాగితం చూసి, "ఏందమ్మా అది?" అని అడిగింది. రెండు రాతలూ చూపించి, "దీంట్లో ఏది చిక్కగా ఉంది?" అన్నాను.

"నాకు సదువు రాదమ్మా. రంగయితే రెండూ ఒకే మాదిరి ఉండాయి. బాగా కనపడతాండాయి."

ఆమె సీటుకు ఆ చివర ఉంది, కాగితం ఇటువైపు కిటికీ పక్కన నా ఒళ్లో ఉంది. అంత దూరం నుంచి ఆమెకు బాగా కనపడుతున్నాయట. నేను కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఎందుకో ఆ తరువాత దారంతా దాన్ని బయటికి తీయబుద్ధి కాలేదు.

కుప్పం బస్టాండు ఎదురుగా సందులో అంగడి అని మా ఆయన ఎప్పుడో అన్న మాట గుర్తుంది. వెతకడం కష్టం కాలేదు. ముందు నోట్‌బుక్కులు, వేలాడే స్కూలు బ్యాగులు, ఒక పక్కన జెరాక్స్ మిషను. లోపల నెరిసిన మీసాలాయన కూర్చుని ఉన్నాడు. నేను ఏమీ అడగకుండానే సంచిలోంచి ఖాళీ గాజు సీసా తీసి బల్ల మీద పెట్టాను. కొత్త ప్యాకింగు గురించి నా ఉపన్యాసం అంతా నోటిదాకా తెచ్చుకుని ఉన్నాను.

ఆయన నన్ను చూడలేదు, సీసాను చూశాడు. అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడిన చోట వేలు పెట్టి, "ఇది డ్రైవరప్పది కదా," అన్నాడు. "అప్ప బాగుండాడా? ఈ మద్దె రానేలేదే."

చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. లోపలినుంచి కుర్చీ తెచ్చి వేసి, మంచినీళ్లు ఇచ్చి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా ఆయన పోయిన సంగతి విని అంతసేపు ఊరుకున్న మనిషిని నేను మొదటిసారి చూశాను. మిగతావాళ్లంతా వెంటనే ఏదో ఒకటి అనేవాళ్లు.

"మీరు టీచరమ్మ కదా," అన్నాడు చివరికి.

"అవును. నాకు పాత ఇంకు కావాలప్పా. ఈ సీసాలో వచ్చేది. పుంగనూరులో అడిగితే అది రావటం నిలిచిపోయిందంటాండారు."

"నిజమేనమ్మా. అది నిలిచిపోయి శానా కాలమాయె. అప్ప ఖాళీ సీసా తెస్తాండె. నేను కొత్త బుడ్డీల్లోది దీంట్లో పోసిస్తాంటి."

"యాల?"

"సీసా మారితే మా ఆమె ఇంకు మారిందంటాది, ఇంగ నన్ను నిలవనీదు అంటాండె." ఆయన మీసాల కింద కాస్త నవ్వు వచ్చి పోయింది.

"సీసా సరే. మరి రంగు? ఆ చిక్కదనం?"

ఆయన బల్ల మీద గుడ్డతో అవసరం లేకుండా తుడిచాడు. "సెప్పొచ్చో సెప్పకూడదో తెలవదమ్మా. మీకు సెప్పొద్దని అప్ప మాట తీసుకున్యాడు." గుడ్డ పక్కన పెట్టి తానే చెప్పాడు. "నల్ల ఇంకు కలపమంటాండె."

నా పెన్నులో. నల్ల ఇంకు. పిల్లల పెన్నులు కుళాయి కింద కడిగించిన నా పెన్నులో. నాకు ఒళ్లంతా మండింది. ఇంటికి పోయి ఆ మనిషిని నిలేయాలన్నంత కోపం వచ్చింది, లేచి నిలబడ్డాను కూడా. నిలబడ్డాక గుర్తొచ్చింది.

"కూర్సోండమ్మా," అన్నాడాయన. "అప్ప మనసులో ఇంగోటేం లేదు. మా ఆమె కాయితం మీదికి వంగి వంగి రాస్తాండాది, కండ్లు ఆనటంలేదు. అద్దాలు పెట్టుకోమంటే కోప్పడతాది, డాక్టరు కాడికి రమ్మంటే నా సూపుకేం అంటాది. రంగు ముదురు సేస్తే వంగకుండా రాస్తాదేమో సూస్తాము అన్యాడు. సూసినాడు. మీరు వంగలేదంట. ఆ దినం వచ్చి ఎంత సంబరపడినాడో."

వరండాలో నేను రాస్తున్నప్పుడు ఆయన మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. వీధిలోకి చూస్తున్నాడనుకునేదాన్ని. పెళ్లివాళ్లతో నవ్వుతూ, వాళ్ల చుట్టాల ఊసులు వింటూ, నా అక్షరాల అందం గురించి నాలుగు మాటలు అనిపించుకుంటూ రాసుకుపోయేదాన్ని. ఆయన చూసింది వీధిని కాదు. నా మెడ ఎంత వంగుతోందో చూశాడు.

"ఎంత కలిపేవాళ్లు?" అని అడిగాను. "అదే చెప్పప్పా. అంతే కలిపి ఇచ్చెయ్యి. నేను ఇంటికి పోయి అట్లాగే కలుపుకుంటాను."

"అదేనమ్మా తంటా," అన్నాడాయన. "ఒక కొలతంటూ లేదు. మొదట్లో చుక్కలే. మరుసటేడు వచ్చి ఇంగ కొంచెం పొయ్యి, మళ్ల వంగతాండాది అంటాండె. ఏటికేడు ఎక్కువే. ఒకసారి పోసింది ఇంగోసారి పొయ్యలేదు. అప్ప సెప్పేవాడు, నేను పోసేవాణ్ణి. నాకేం తెలుసు."

కంపెనీ ఇంకు మార్చలేదు. ఇన్నేళ్లూ మారింది మా ఇంట్లోదే. ఒక్కసారి కూడా పాతదిలా ఉండకుండా ప్రతిసారీ మార్చి మార్చి, నా కంటికి మాత్రం ఎప్పుడూ అదే నీలం అనిపించేటట్టు ఆయన చూసుకున్నాడు. నేనేమో ఒక చుక్క మారలేదని ఊరంతా చాటుకున్నాను.

అంగడాయన కొత్త బుడ్డీ ఒకటి విప్పి, గాజు సీసాలో సగం దాకా నీలం పోశాడు. నల్లదాని మూత తీశాడు. దాన్ని సీసా మూతి దగ్గర పట్టుకుని, నా మొహంలోకి చూసి ఆగాడు.

"ఎంత పొయ్యమంటారమ్మా?"

నాకు తెలియదు. ఈ ఏడాదిలో నేనెంత వంగిపోయానో ఎవరు చూశారు. ఆ సంగతి చెప్పగల మనిషి ఒక్కడే ఉండేవాడు.

"పోస్తాంటాను, సాలనండి," అని ఆయన సీసా వంచాడు. నలుపు నీలంలోకి సన్నగా దిగి తిరుగుతోంది. నేను చూస్తూ కూర్చున్నాను. చాలు అని ఎక్కడ అనాలో తోచలేదు. సీసా అంచుదాకా వచ్చాక ఆయనే ఆపాడు.